గడపకొక పుల్ల

బందరులో మా వీధి చివర ఒక బయలు ఉండేది. దానికి పేరంటూ లేదు. మునిసిపాలిటీ కాగితాల్లో ఏమని రాసుకున్నారో తెలియదు గానీ, మా వీధివాళ్ళకి అది బయలు, అంతే. "ఎక్కడికే?" అంటే "బయల్లోకి" అనేవాళ్ళం. అంతకంటే వివరం ఎవరూ అడిగేవారు కాదు.

ఆ మధ్య ఒక పెళ్ళికి బందరు వెళ్ళాను. పెళ్ళి భోజనం అయ్యాక మనసు ఊరుకోలేదు. ఆటో అతన్ని అటు పోనిమ్మన్నాను. ఎక్కడ చూసినా మేడలే. గేట్లు, గేట్ల ముందు ముగ్గులు, అడ్డంగా నిలబెట్టిన స్కూటర్లు. "ఏ ఇల్లండీ మీకు కావాల్సింది?" అన్నాడతను. ఇల్లు కాదయ్యా, ఈ ఇళ్ళన్నీ తీసేస్తే అడుగున ఒకటి ఉంటుంది చూడు, అది కావాలి అందామనుకున్నాను. పిచ్చిదనుకుంటాడని ఊరుకుని, బస్టాండుకి పోనిమ్మన్నాను. దారంతా కళ్ళలో నీళ్ళే. ఈ వయసులో మట్టి కోసం ఏడ్చే ముసల్ది ఎవరైనా ఉంటుందా అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకున్నంత మాత్రాన బెంగ పోతుందా.

యాభైల చివర నాటి మాట ఇది. మా నాన్న కోర్టులో గుమస్తా. మా వాళ్ళది గుడివాడ దగ్గర పల్లె. ఉద్యోగం వచ్చాక నాన్న, అమ్మ, నాయనమ్మ బందరు వచ్చి ఆ వీధిలో కాపురం పెట్టారు. నేను అక్కడే పుట్టాను, ఒక్కగానొక్క పిల్లని. వీధిలో సగానికి పైగా మగ్గాల ఇళ్ళు. మిగతా ఇళ్ళలో చిలకలపూడి నగల పనికి వెళ్ళేవాళ్ళు, ఒక కంపౌండరుగారు, మిషన్ స్కూల్లో పనిచేసే ఒక టీచరమ్మగారు ఉండేవారు. మాది ఆఖరి ఇల్లు. మా వంటింటి గోడ దాటితే బయలే.

చూడ్డానికి అదేమంత గొప్ప నేల కాదు. ఉప్పు నేల. ఎండాకాలంలో పైన తెల్లగా పొర కట్టేది. వేలితో అద్ది నాలిక మీద పెట్టుకుంటే నిజంగానే ఉప్పగా ఉండేది. ఈ సంగతి మీకు చెబుతున్నాను గానీ నాయనమ్మకి చెప్పలేదు. వానలు పడితే తుంగ లేచేది. అక్కడక్కడ పల్లేరుకాయలు, ఒక పక్కన మునిసిపల్ కుళాయి, ఆ చివర సర్కారు తుమ్మలు. సముద్రం అక్కడికి కనిపించదు. పొద్దు తిరిగేసరికి దాని గాలి మాత్రం వచ్చేది, ఒంటి మీద చెమట ఆరిపోయి జిగటగా తయారయ్యేది.

సాయంత్రం బయలు పిల్లలది. మొగపిల్లలు తుమ్మల వైపు చెడుగుడు ఆడితే మేం కుళాయి వైపు తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. చీకటి పడుతుంటే ఏదో ఒక ఇంటి నించి ఒక తల్లి కేకేసేది. ఎవరి తల్లి కేకేసినా అందరం లేచి ఇళ్ళకి పోయేవాళ్ళం. అది నా కోసం కాదు, వాళ్ళమ్మాయి కోసం అన్న తేడా ఎవరికీ తట్టేది కాదు.

పొద్దున పూట మాత్రం బయలు పడుగులది. పడుగంటే మగ్గం మీదికి ఎక్కించే నిలువు దారాలు. వాటికి గంజి పెట్టి, దువ్వి, ఆరబెడితే గానీ నేతకి పనికిరావు. ఇంట్లో ఆ పని జరగదు, చోటు చాలదు. అందుకని చీకటితోనే వీధి నడుమ నించి బయలు ఆ చివరి దాకా కర్రలు కత్తెరగా కట్టి నిలబెట్టి, వాటి మీద పడుగు పొడుగునా పరిచేవారు. దారాలు ఒకదాని మీద ఒకటి పడకుండా మధ్యమధ్య అడ్డంగా వెదురు పుల్లలు దూర్చేవారు. ఇద్దరు మనుషులు ఒక పెద్ద కుంచెని చెరో కొసా పట్టుకుని గంజి పూస్తూ, దువ్వుతూ నడిచేవారు. వాళ్ళ వెనకాల ఆడవాళ్ళు తెగిన పోగులు ముడివేసుకుంటూ వచ్చేవారు. వీధంతా పులిసిన గంజి వాసన. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు గానీ, నాకు ఆ వాసన తగిలితేనే తెల్లవారినట్టు ఉండేది. పని పూర్తయ్యేసరికి మా నాన్న కోర్టుకి బయల్దేరే వేళ అయ్యేది.

పడుగుని దాటకూడదు. అది మా వీధి చట్టం. నడుమెత్తున పరిచి ఉంటుంది కనక, ఇటు నించి అటు వెళ్ళాలంటే వంగి దాని కింద నించి వెళ్ళాల్సిందే. కంపౌండరుగారు మందుల పెట్టి పట్టుకుని వంగేవారు. టీచరమ్మగారు గొడుగు ముడిచి వంగేవారు. జడ్జిగారికి తప్ప ఎవరికీ వంగనని చెప్పుకునే మా నాన్న కోటుతో సహా వంగేవారు. ఒకసారి ఓట్లడగడానికి ఒక పెద్దమనిషి మందీ మార్బలంతో వచ్చాడు. తప్పేదేముంది, ఆయనా వంగాడు. లేచేసరికి ఖద్దరు కండువా గంజిలో తడిసి వేలాడుతోంది. వీధంతా ఘొల్లుమంది. పాపం ఆయన కూడా నవ్వాడు. నాయనమ్మ ఒక్కతే వంగేది కాదు. నడుం నొప్పనేది. నొప్పి కాదు, పట్టుదల. పడుగు తీసేదాకా అవతలి పక్క మొహం చూసేది కాదు.

పడుగు పరిచి ఉండగా వాన వచ్చిందంటే గండమే. సగం ఆరిన గంజి దారాలు తడిస్తే ఒకదానికొకటి అతుక్కుని ముద్దయిపోతాయి. తర్వాత వాటిని విడదీయడం ఎవరి వల్లా కాదు. ఆ ఇంటివాళ్ళ పనంతా నీళ్ళపాలే. అందుకని వీధిలో పెద్దవాళ్ళు ఎప్పుడో ఒక ఏర్పాటు చేసుకున్నారు. గడపకొక పుల్ల. ఆ వెదురు పుల్లల్లో ఒక్కొక్కటి ఒక్కో ఇంటి వంతు. "పడుగో!" అని కేక వినబడితే ప్రతి ఇంటి నించీ ఒక మనిషి వచ్చి తమ పుల్ల అందుకోవాలి. కులం అడ్డు లేదు, ఆడా మగా లేదు. అన్నం ముందు కూర్చున్నవాడు కూడా చెయ్యి కడుక్కుని రావలసిందే.

వచ్చి, పడుగు కిందికి దూరి, రెండు చేతులూ చాపి పుల్లని తల మీదికి ఎత్తి పట్టుకోవాలి. వీధిలోని కొసన నేతగాడు పడుగు చుట్టుకుంటూ ఉంటే, మిగతావాళ్ళంతా అది వదులు కాకుండా ఆయన వైపు ఒక్కో అడుగూ వేసుకుంటూ రావాలి. పరిగెత్తకూడదు. అదే కష్టం. వాన నెత్తి మీద పడుతుంటే పరిగెత్తకుండా నడవడం మనిషికి సహజం కాదు. అయినా మా వీధి మొత్తం అలా నడిచేది, పెళ్ళివారు విడిదికి వెళ్తున్నట్టు తాపీగా.

మా పుల్ల అన్నిటికంటే ఆఖరిది, తుమ్మల దగ్గరది. వీధిలోకి చివర వచ్చిన కాపురం మాదే మరి. పరాయి ఊరి వాళ్ళకి పుల్ల ఇచ్చారంటే తమలో కలుపుకున్నట్టే. నాయనమ్మకి అదంటే ఎంత గర్వమో. గుడివాడ నించి చుట్టాలొస్తే, "ఈ వీధిలో మాకూ ఒక పుల్ల ఉందమ్మా" అని చెప్పుకునేది. వంగడం మాత్రం ఆవిడ వల్ల కాదు, పుల్ల కావాలి. మా ఇంటి తరఫున ఎప్పుడూ నాన్నే వెళ్ళేవారు.

మగ్గాల ఇళ్ళలో మాకు దగ్గరిది ఎదురిల్లు. ఆ ఇంటాయన్ని మావయ్య అనీ, ఆవిడని అత్తయ్య అనీ పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, వీధి వరస. వాళ్ళమ్మాయి, నేను ఒక ఈడువాళ్ళం. ఇద్దరం ఒకే బిళ్ళతో తొక్కుడాట ఆడేవాళ్ళం, ఒకే కాకెంగిలి జామకాయ తినేవాళ్ళం. పొద్దున తను పడుగు దగ్గర పోగులు అతికేది. నేనూ పక్కన చేరి నేర్పమని ప్రాణం తీసేదాన్ని. నేను వేసిన ముడి చూసి అత్తయ్య నెత్తి కొట్టుకునేది.

"కోర్టు గుమస్తాగారి కూతురివనిపించావే. ఇది ముడా, దావానా? ఈ జన్మలో విడిపోదు!"

అందరూ నవ్వేవారు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది గానీ, బయల్లో ఉన్నప్పుడు మాత్రం వచ్చేది కాదు. ఎందుకో నాకు తెలియదు. అక్కడ నన్ను ఎవరేమన్నా చల్లగానే ఉండేది.

పదమూడో ఏట ఎండాకాలంలో నేను పెద్దమనిషినయ్యాను. చిమ్మిలి పెట్టారు, పేరంటం చేశారు, పట్టు పరికిణీ కుట్టించారు. అంతా బాగానే ఉంది. ఈ హడావుడి అంతా నన్ను బయలు నించి తప్పించడానికని మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు. పేరంటాళ్ళు వెళ్ళిపోయిన మర్నాడు, ఎప్పట్లాగే గంజి వాసన తగలగానే లేచి గుమ్మం వైపు నడిచాను. నాయనమ్మ అడ్డంగా కూర్చుని ఉంది.

"ఎక్కడికే?"

"బయల్లోకి."

"ఇంక బయలూ లేదు, గియలూ లేదు. గడప దాటావంటే కాళ్ళు విరగ్గొడతాను."

చదువు కూడా మానిపించమంది. నాన్న అక్కడొక్కచోట గట్టిగా నిలబడ్డారు. చివరికి ఇద్దరికీ రాజీ కుదిరి, నాకు తెర కట్టిన రిక్షా వచ్చింది. మా స్కూలు బయలుకి అవతల. నడిస్తే తుమ్మల పక్కనించి ఇట్టే వెళ్ళిపోవచ్చు. రిక్షా అలా వెళ్ళకూడదు కదా, పడుగులుంటాయి. అందుకని అది బయలు చుట్టూ తిరిగి వెళ్ళేది. నేను తెర కొంచెం తొలగించి చూసేదాన్ని. నా కాలు పెట్టకుండా రోజూ దాని చుట్టూ ప్రదక్షిణం చేయడమంటే ఎలా ఉంటుందో చెప్పలేను.

అంతకంటే ఘోరం ఇంకోటి జరిగింది. ఆ రెండు నెలల్లోనే ఎదురింటి అమ్మాయి కూడా పెద్దమనిషి అయింది. వాళ్ళూ చిమ్మిలి పెట్టారు, మా అమ్మ వెళ్ళి అక్షింతలు వేసి వచ్చింది. పోనీలే, ఇద్దరం కలిసి లోపల కూర్చుంటామనుకున్నాను. వారం తిరక్కుండానే తను మళ్ళీ పడుగు దగ్గర కనిపించింది, పరికిణీ ఎగదోపుకుని, పోగులు అతుకుతూ. వాళ్ళింట్లో పనికి చేతులు కావాలి, ఆ చేతులు ఆడపిల్లవా కాదా అని ఎవరూ చూడరు. నాకు కళ్ళు కుట్టాయి. ఉప్పు నేల మీద నిలబడి పులిసిన గంజిలో పని చేసే పిల్లని చూసి, పట్టు పరికిణీ కట్టుకుని కూర్చున్న నేను ఏడ్చాను. "ఏమే, రావేం?" అని తను చెయ్యి ఊపేది. నేను మొహం తిప్పుకునేదాన్ని.

నాయనమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "ఏముందే అక్కడ? మట్టి" అనేది. నాన్నని అడిగితే, "నువ్వూ నాయనమ్మా తేల్చుకోండి, నా దాకా తేవద్దు" అనేవారు. కోర్టులో ఏం గుమస్తానో ఏమో, ఇంట్లో ఒక్క తీర్పూ ఇచ్చేవారు కాదు.

అమ్మ ఈ గొడవలో ఏ పక్కా మాట్లాడేది కాదు. వంటింటి కిటికీ బయల్లోకి ఉండేది, దాని ముందే పొయ్యి. అమ్మ గరిట తిప్పుతూ బయటికి చూస్తూ ఉండేది. "మీ మావయ్య ఇవాళ కుంచె ఎడమ చేతికి మార్చాడే, భుజం నొప్పేమో" అనేది. "ఈ పడుగు పెడన వాళ్ళ నూలు లాగుంది, నిగనిగలాడుతోంది" అనేది. ఒకరోజు నాకు ఒళ్ళు మండింది.

"నాకెందుకు చెప్తావు? నువ్వెప్పుడైనా అక్కడ నిలబడ్డావా? నీకేం తెలుసు?"

అమ్మ కోప్పడలేదు. "లేదే. ఈ ఇంటికి వచ్చాక ఒక్కసారీ వెళ్ళలేదు" అంది.

నేను నమ్మలేదు. గోడ అవతల బయలు. వీధి గుమ్మం దిగి మలుపు తిరిగితే చాలు. అమ్మ గుడికి వెళ్తుంది, పేరంటాలకి వెళ్తుంది, ఎప్పుడైనా సినిమాకి కూడా వెళ్తుంది. అన్నిటికీ రిక్షా గుమ్మంలోకి వస్తుంది, వీధి అటు చివరి నించి వెళ్తుంది. ఇటు చివరికి వెళ్ళే పనేదీ ఆవిడకి పడలేదు. నా పుట్టుక కంటే ముందు నించీ ఇదే వరస.

"వెళ్ళాలనిపించలేదా?" అన్నాను.

"ఏమని వెళ్ళను? నీళ్ళు నీళ్ళమనిషి తెస్తుంది. పిడకలు గుమ్మంలోకి వస్తాయి. బయల్లో నాకు పనేముందే?"

అంతవరకూ ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఖైదీననుకున్నాను. అమ్మ మాట విన్నాక నాకు భయం వేసింది. అమ్మలాగే నేనూ పొయ్యి దగ్గర నిలబడి, పాతికేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు ఎవరి భుజం నొప్పెట్టిందో చూస్తూ బతకాలేమోనని. ఆ రోజు నించి బయలు కోసం నా పోరు ఆటల కోసం కాకుండా పోయింది.

దసరాలు వెళ్ళిన కొత్తలో గుడివాడలో పెదనాన్నకి ఒంట్లో బాగా లేదని కబురొస్తే నాన్న వెళ్ళారు. ఆ మర్నాడు పొద్దున ఆకాశం కడిగినట్టు ఉంది. గాలి ఊరి వైపు నించి వీస్తోంది. మావయ్య కాసేపు గాలికి మొహం పెట్టి చూసి, ఫరవాలేదని పడుగు పరిచాడు. గంజి పూయడం సగం దాటింది. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. మా వంటింట్లో పొగ పైకి పోకుండా లోపలే సుడి తిరిగింది. కిటికీలోంచి చూద్దును కదా, తుమ్మల వెనక ఆకాశం నల్లగా దిగుతోంది. గాలి సముద్రం వైపు నించి ఒక్క తోపు తోసింది.

"పడుగో! పడుగో!"

మావయ్య గొంతు. తర్వాత అత్తయ్య గొంతు. తలుపులు దబదబా తెరుచుకుంటున్నాయి. కంపౌండరుగారు సగం గడ్డం గీసుకుని సబ్బు మొహంతో పరుగు తీశారు. టీచరమ్మగారు చెప్పులు విడిచి వచ్చారు. ఎవరి పుల్ల దగ్గరికి వాళ్ళు చేరుకుంటున్నారు. ఆఖరి పుల్ల దగ్గర ఎవరూ లేరు.

నేను గుమ్మంలోకి దూకాను. నాయనమ్మ నా జడ పట్టుకుంది.

"నాన్న లేరు! మన పుల్ల!" అని అరిచాను.

"తెలుసే!"

"మరి వదులు! మన కొస మట్టిలో పడితే మావయ్య పడుగు పోతుంది! మన పుల్ల పోతుంది!"

ఆ క్షణం నాయనమ్మ మొహం నాకు బాగా గుర్తుంది. పుల్ల పట్టుకోకపోతే వీధిలో తలెత్తుకోలేదు. నన్ను వదిలితే తన మాట తనే తప్పినట్టు. తను వెళ్ళాలంటే ఎన్నడూ వంచని నడుం వంచాలి. ఎటూ పాలుపోక నా జడ మరింత గట్టిగా పట్టుకుంది. నేను ఏడుస్తూ గింజుకుంటున్నాను. నాకు పడుగు మీద జాలి కంటే, ఇదే నాకున్న ఒకే ఒక్క దారి, ఇది కూడా మూసుకుపోతోందన్న ఏడుపే ఎక్కువ.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతులకి దోసెల పిండి. కొంగుకి తుడుచుకుని, ఆ కొంగు నడుముకి దోపుకుని, మా ఇద్దరి పక్కనించి గుమ్మం దిగి వెళ్ళిపోయింది. ఎవర్నీ అడగలేదు. ఎవరూ వెళ్ళమనలేదు.

నిజం చెప్పొద్దూ, నాకు అమ్మ మీద కోపం వచ్చింది. నా వంతు తను ఎగరేసుకుపోయిందని. వంటింటి కిటికీ దగ్గరికి పరిగెత్తాను. నాయనమ్మ కూడా జడ వదిలేసి నా వెనకే వచ్చింది. ఇద్దరం ఊచలు పట్టుకుని చూశాం.

బయలు మొత్తం పొడుగునా నడిచింది అమ్మ. అప్పటికే చినుకులు పెద్దవయ్యాయి. తుమ్మల దగ్గరికి చేరి, పడుగు కిందికి దూరి, చేతులు చాపి పుల్ల ఎత్తింది. అచ్చం నాన్న పట్టుకున్నట్టే పట్టుకుంది. వీధిలోంచి మావయ్య చుట్టడం మొదలుపెట్టాడు. వరస కదిలింది. అందరూ అడుగులో అడుగు వేస్తున్నారు. వాన మీద పడుతుంటే, కంపౌండరుగారి సబ్బు నురుగు కారుతుంటే, ఒక్కరూ పరిగెత్తడం లేదు. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే చేరుకుని పుల్ల అప్పగించి చూరు కిందికి పోతున్నారు. అమ్మది ఆఖరి పుల్ల కనక బయలంతా తను నడవాల్సి వచ్చింది. ఆవిడ అసలు తొందరపడలేదు. నేలకేసి చూసుకుంటూ, తడి ఉప్పు నేల మీద ఒక్కో పాదం ఆనించి నడిచింది.

పడుగు పెద్దగా తడవకుండా లోపలికి చేరింది. మావయ్య అమ్మకి దణ్ణం పెట్టాడు. అత్తయ్య "లోపలికి రండి అక్కయ్యగారూ, తడిసిపోతున్నారు" అని పిలుస్తోంది. అమ్మ తలూపి, మా ఇంటికి రాకుండా మళ్ళీ బయల్లోకి నడిచింది. అంత వానలో బయలు నడుమ వెళ్ళి నిలబడింది.

"దీనికేమైందే!" అంది నాయనమ్మ. కాసేపు చూసింది. అమ్మ కదల్లేదు. నాయనమ్మ తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టి, "వెళ్ళు, మీ అమ్మని పిలుచుకు రా. జలుబు చేస్తుంది" అంది.

నాకు వినబడింది నిజమేనా అని ఆవిడ మొహం చూశాను. "వెళ్ళవే!" అని కసిరింది. నేను ఒక్క గెంతులో గుమ్మం దిగాను.

చెప్పుల్లేని కాళ్ళకి ఆ బురద తగలగానే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎదురింటి చూరు కింద నించి వాళ్ళమ్మాయి "వచ్చావే!" అని కేక పెట్టి, వానలోకి దూకి నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం గిరగిరా తిరిగాం. అప్పుడు గుర్తొచ్చి అమ్మ దగ్గరికి వెళ్ళాను.

అమ్మ మా ఇంటి వైపు చూస్తోంది.

"మనిల్లు ఇటు నించి ఇలా ఉంటుందా!" అంది. "చూడు, పెంకులన్నీ పాచి పట్టాయి. చూరు ఇటు కొంచెం ఒరిగింది. లోపల ఉంటే ఏమీ తెలియదు."

నాకు అందులో వింతేమీ కనిపించలేదు. పుట్టిన దగ్గర్నించీ చూస్తున్న ఇల్లే. "పద అమ్మా, తడుస్తున్నావు" అన్నాను. "ఉండవే" అంది. తువ్వాలు నా చేతిలోనే తడిసి ముద్దయింది.

మర్నాడు రిక్షా వచ్చింది. నేను ఎక్కలేదు. "నిన్న నన్ను బయల్లోకి పంపింది ఎవరు?" అని నాయనమ్మని నిలదీశాను. "నిన్న వాన కదే!" అంది. "ఇవాళ ఎండ. ఇంకా మంచిదేగా!" అన్నాను. ఆవిడ ఒంటికాలి మీద లేచేదే గానీ, ఈలోపల అమ్మ వంటింట్లోంచి, "నడిచే వెళ్తుందిలెండి అత్తయ్యగారూ. బయలు దాటితే స్కూలు" అంది. అమ్మ అలా మాట్లాడటం నాయనమ్మ ఎప్పుడూ వినలేదు. రిక్షావాడి వైపు తిరిగి, వాడిని "నిల్చున్నావేం, వెళ్ళు" అని కోప్పడింది. నేను పడుగు కింద నించి వంగి, పుస్తకాలు గుండెకి అదుముకుని, బయలుకి అడ్డంపడి నడిచిపోయాను. ఆ స్కూలు అయ్యేదాకా, ఆ తర్వాత కాలేజీ రోజుల్లో కూడా అలాగే నడిచాను. నేను చదువుకున్నానన్నా, ఉద్యోగం చేశానన్నా, ఆ నడకతోనే మొదలు.

అమ్మ మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. నాకది మింగుడుపడేది కాదు. సాయంత్రాలు వచ్చి చెయ్యి పట్టుకుని లాగేదాన్ని. "రా అమ్మా, కాసేపు నిలబడి వద్దాం. ఎవరేమంటారు?" నాయనమ్మ కూడా అప్పటికి మెత్తబడింది. అమ్మ నవ్వేది. "వానేమైనా వస్తోందా?" అనేది. పడుగు తడవబోతే వెళ్ళొచ్చు. ఊరికే వెళ్ళడం ఆవిడకి చేతకాదు. తన కోసమని వెళ్ళడం ఆవిడకి ఎవరూ నేర్పలేదు, నేను ఎంత చెప్పినా రాలేదు.

అందుకని మబ్బు పట్టినప్పుడల్లా నేను నాన్న ఇంట్లో లేకుండా ఉంటే బాగుండునని కోరుకునేదాన్ని. పడుగులు పరిచేది పొద్దున పూట. ఆ వేళకి నాన్న ఎప్పుడూ ఇంట్లోనే ఉండేవారు. కేక వినబడగానే, పాపం మంచి మనిషి, చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా పరుగెత్తేవారు. అమ్మ గుమ్మం దాకా వచ్చి ఆగేది. ఆయన తిరిగొచ్చాక తడి చొక్కా అందుకుని, నీళ్ళు పిండి, దండెం మీద వేసేది.

"బురదగా ఉందాండీ?" అని అడిగేది.

"ఆఁ, కాళ్ళు దిగిపోతున్నాయి" అనేవారు నాన్న, విసుగ్గా.

అమ్మ కిందికి చూసేది. నాన్న పాదాలకి అంటిన ఆ మట్టి మీద చెంబుతో నీళ్ళు పోసేది, నెమ్మదిగా, కొంచెం కొంచెంగా.